మెట్లు లెక్కపెట్టేదెవరు?

చదువు గురించి మనం మాట్లాడే మాటల్లో చాలా భాగం ఎత్తుకు సంబంధించినవే. పైచదువులు అంటాం. ఉన్నత విద్య అంటాం. కష్టపడి పైకొచ్చిందని మెచ్చుకుంటాం. ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఇంతదాకా వచ్చానని పదవీ విరమణ సభల్లో చెప్పుకుంటాం. మన విశ్వవిద్యాలయాల భవనాలు కూడా ఈ మాటల్ని నమ్మి కట్టినట్టే ఉంటాయి. ముఖ్యంగా సైన్సు భవనాలు. ఎత్తైన అరుగు, దాని ముందు వెడల్పాటి మెట్లు, పై అంతస్తుల్లో ప్రయోగశాలలు. ఆ మెట్లు ఎన్ని అని అక్కడ ఇరవయ్యేళ్ళుగా పాఠం చెప్తున్నవాళ్ళని అడిగి చూడండి. చాలామంది చెప్పలేరు. రోజూ ఎక్కి దిగే మెట్ల సంఖ్య తెలియకపోవడం పెద్ద నేరమేమీ కాదు. కానీ ఆ సంఖ్య తెలియకుండా ఇంట్లోంచి బయల్దేరలేని మనుషులున్నారు. వాళ్ళకోసం ఆ సంఖ్య ఎక్కడా రాసి లేకపోవడం, అడిగితే ఎవరికీ తెలియకపోవడం తప్పా, కాదా? తప్పయితే అది ఎవరిది? నేనిక్కడ ఆలోచించదలచుకున్నది ఈ చిన్న ప్రశ్న గురించే.

నల్గొండ జిల్లా నుంచి చూస్తే ఇది చిన్న ప్రశ్న కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యశాస్త్రం నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పల్లెల్లో. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్.సిద్దిఖీ రాసిన పరిశోధన 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించి ప్రచారంలోకి తెచ్చింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికా దేశాల్లో తాగునీటి మీద పనిచేసేవాళ్ళకి కూడా ఆ పేరు తెలుసు.

అంటే దశాబ్దాలుగా సైన్సు ఈ పల్లెలకు వస్తూనే ఉంది. బావుల్లోంచి నీళ్ళు తీసుకెళ్ళింది. మనుషుల నుంచి రక్తం, మూత్రం తీసుకెళ్ళింది. వంగిన వెన్నెముకలను ఎక్స్‌రేలు తీసింది, ఫొటోలు తీసింది. ఇక్కడ సందర్శకురాలు సైన్సే. ఆ సందర్శనకు ఏ అడ్డంకీ లేదు. మన ఇళ్ళ గడపలు అంత ఎత్తుగా ఉండవు, వచ్చినవాళ్ళకి మంచం వాల్చి మంచినీళ్ళిస్తాం. మరి తిరుగు సందర్శన మాటేమిటి? ఆ ఎక్స్‌రేలో ఉన్న మనిషి, తన ఎముకల గురించి రాసిన భవనానికి ఒకసారి వెళ్ళి చూడాలనుకుంటే ఏమవుతుంది?

నాకు తెలిసిన ఒక అమ్మాయిది మాడుగులపల్లి మండలంలో ఒక ఊరు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివింది. ఆమె తల్లి పుట్టిల్లు మర్రిగూడ వైపు. మాడుగులపల్లి చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారతాయి. మర్రిగూడ వైపు చాలాకాలం బోరునీళ్ళే గతి. పెళ్ళయి ఇటు వచ్చినా, ఎముకల్లో చేరిన పుట్టింటి నీళ్ళు ఆమెతోనే వచ్చాయి. యాభై ఏళ్ళకే మెడ తిరగదు, నడుం వంగదు, మోకాళ్ళు ముడుచుకోవు. ఒక ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవానికి, కూతురు వేరే విశ్వవిద్యాలయంలో తన ప్రాజెక్టును ప్రదర్శించడానికి వెళ్ళాల్సి వచ్చింది. బావినీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచిన ప్రాజెక్టు అది. తల్లి తానూ చూస్తానంది. ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెప్తే మిగిలినవన్నీ తప్పించుకుంటాయి.

కూతురు ముందే ఫోన్ చేసి కనుక్కుంది. "రెండే మెట్లు మేడం, గంతే" అన్నాడు ఫోనెత్తినాయన. వెళ్ళి చూస్తే అరుగు మీదికి పదకొండు మెట్లు, పట్టుకోడానికి ఏ పక్కా కమ్మీ లేదు. ఆయన చెప్పిన రెండు మెట్లు లోపలి తలుపు దగ్గరివి. ప్రదర్శన రెండో అంతస్తులో. లిఫ్టుకు తాళం. ఇద్దరు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి "ఎత్తుకపోతం తీ పెద్దమ్మా" అన్నారు. "నేనేమన్న వడ్ల బస్తానా బిడ్డా" అని ఆమె నవ్వుతూనే వద్దంది. సాయంత్రం దాకా వేపచెట్టు కింద కూచుంది. ఆమె పుట్టింటి నీళ్ళ లెక్కలు వేసిన పటాన్ని పై అంతస్తులో పరాయివాళ్ళు చూశారు.

ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. ఫోనెత్తినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన కాళ్ళకి ఆ పదకొండు మెట్లు తగలవు కాబట్టి కళ్ళకీ కనపడలేదు. ఇది మనకి బాగా తెలిసిన విషయమే. వంట ఎంత పనో వండే మనిషికి తెలుస్తుంది. తినేవాళ్ళు "ఏముంది, పప్పూ కూరే కదా" అంటారు. ఇంటిపని గంటలు లెక్కపెట్టి చూపించడం స్త్రీవాదం చేసిన మొదటి పనుల్లో ఒకటి. లెక్కలోకి రాని శ్రమ లేనట్టే చలామణీ అవుతుందని, లెక్కపెట్టకపోవడం కూడా అధికారం చేసే పనేనని మనం వాదించాం. 'పప్పూ కూరే' అన్న మాటకీ 'రెండే మెట్లు' అన్న మాటకీ తేడా ఏముంది? తనకి భారం కానిదాన్ని మనిషి లెక్కపెట్టడు. ఆ సౌకర్యం అతనికి ఉంది. లెక్కపెట్టి తీరాల్సిన అవసరం ఇంకొకరి మీద పడుతుంది.

నేను దీన్ని అమాయకమైన అజ్ఞానం అనుకోలేను. ఒక మనిషి తెలియక చెప్పిన మాట పొరపాటు కావచ్చు. ఒక సంస్థ ఏళ్ళ తరబడి తెలుసుకోకుండా ఉండటం పొరపాటు కాదు, అది ఆ సంస్థ ఎంచుకున్న పద్ధతి. ఫలానా ప్రయోగశాలలో ఎన్ని సూక్ష్మదర్శినులున్నాయో, ఏ గదిలో ఏ ఆమ్లం సీసా ఉందో రిజిస్టర్లలో రాసి పెట్టుకునే భవనం, తన ముందున్న మెట్లెన్నో రాసుకోలేదు. కొలవడమే వృత్తిగా ఉన్న చోట ఏది కొలిచారు, ఏది కొలవలేదు అన్నది నైతికమైన ప్రశ్నే అవుతుంది.

ఇక 'ఎత్తుకపోతం' అన్న మాట సంగతి. మన సమాజంలో వికలాంగులకు సౌకర్యాలు లేవన్నప్పుడల్లా వచ్చే సమాధానం ఇదే. ర్యాంపు లేకపోతేనేం, మనుషుల్లేరా, సాయం పట్టరా అంటారు. నిజమే, పడతారు. ఆ కుర్రాళ్ళది మంచితనమే. అయినా ఒక స్త్రీ శరీరాన్ని ఇద్దరు పరాయి మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి జనం మధ్యలోంచి మోసుకెళ్ళడం, ఆమె దానికి కృతజ్ఞత కూడా చెప్పాల్సి రావడం సాయం ఎలా అవుతుంది? మన ఒంటి మీద చెయ్యి పడాలంటే మన ఇష్టం ఉండాలని ఇన్నేళ్ళుగా చెప్తున్నాం. వైకల్యం ఉన్న స్త్రీ విషయంలో ఆ సూత్రాన్ని ఎందుకు సడలిస్తాం? ఆమె వద్దంటే 'పొగరు' అంటాం. సరే అంటే ఆమె చీర సర్దుకునే లోపలే ఎత్తేస్తాం. ఒప్పుకోకపోతే చెట్టు కింద కూచోవడం తప్ప వేరే దారి లేనప్పుడు ఆ ఒప్పుకోలును ఒప్పుకోలు అనలేం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది మన లోపలి నుంచే వస్తుంది కాబట్టి దాటెయ్యడానికి వీల్లేదు. స్త్రీవాదం సంరక్షణకి విలువ కట్టమంది. మనుషులు ఒకరి మీద ఒకరు ఆధారపడటం సిగ్గుపడాల్సిన విషయం కాదంది. తీవ్రమైన వైకల్యం ఉన్న కూతురిని పెంచిన అమెరికన్ తత్వవేత్త ఈవా ఫెడర్ కిటే 1999లో ప్రచురించిన 'లవ్స్ లేబర్' పుస్తకంలో, న్యాయం గురించిన సిద్ధాంతాలు అందరూ స్వతంత్రులే అన్న ఊహ నుంచి మొదలై, ఆధారపడే మనుషులనీ వాళ్ళని చూసుకునే స్త్రీలనీ బయటే వదిలేస్తున్నాయని వాదించింది. మరి మనం సాయాన్ని కాదని 'ఎవరి సాయం లేకుండా నా అంతట నేను' అనే స్వాతంత్ర్యాన్ని కోరుకుంటే, మగవాళ్ళు ఊహించుకున్న ఆ ఒంటరి స్వతంత్రుడినే మళ్ళీ ఆదర్శంగా నిలబెట్టినట్టు కాదా?

కాదనే అనుకుంటున్నాను. ఆ తల్లి సాయాన్ని కాదనలేదు. బస్సు దిగేటప్పుడు కూతురి భుజం పట్టుకునే దిగింది. రోజూ పొద్దున్న మంచం మీంచి లేవడానికి చెయ్యి అడుగుతూనే ఉంది. ఎవరి చెయ్యి, ఎప్పుడు, ఎక్కడ పట్టుకోవాలి అన్నది ఆమె నిర్ణయించుకుంటుంది. సంరక్షణకీ మోసుకుపోవడానికీ మధ్య గీత అక్కడుంది. నిజానికి మెట్లెక్కే మనం కూడా సాయంతోనే పైకి వెళ్తున్నాం. ఆ మెట్లు ఎవరో తాపీమేస్త్రీ మన కాలి ఎత్తుకి సరిగ్గా కట్టినవే కదా. మనకి అందే సాయం సిమెంటులో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. ఆమెకి అందాల్సిన సాయం కూడా అలా సిమెంటులో, కమ్మీలో, లిఫ్టులో, ఒక కాగితం మీద ముందే ఉండాలని అడగడం ఒంటరి స్వాతంత్ర్యాన్ని కోరుకోవడం కాదు. మనం పొందుతున్నదే ఆమెకీ ఉండాలనడం.

మన ఉద్యమం ఈ మాట ఆలస్యంగా విన్నది. భారత స్త్రీ ఉద్యమం వికలాంగ స్త్రీలని తన లెక్కలోకి తీసుకోలేదని అనితా ఘాయ్ విమర్శించింది, 2003లో వికలాంగ స్త్రీల సమస్యల మీద పుస్తకం రాసింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వాళ్ళలో స్త్రీలు 1.18 కోట్లు. వికలాంగ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 45 మంది. విశ్వవిద్యాలయం గుమ్మం దాకా వచ్చే స్త్రీ ఎన్నిటిని దాటి వచ్చిందో ఈ అంకెలు చెప్తాయి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను 'దివ్యాంగులు' అని పిలవమన్నారు. ప్రభుత్వ కాగితాల్లో ఆ మాట స్థిరపడింది. దేవతలని పిలిపించుకున్న అనుభవం మనకి చాలానే ఉంది. ఆ పిలుపుతో పాటు ఏమేం రాలేదో కూడా మనకి తెలుసు.

చట్టం మాత్రం దివ్యత్వం గురించి కాక కొలతల గురించి మాట్లాడుతుంది. 1995 చట్టం స్థానంలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2016, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సౌలభ్య ప్రమాణాలు పాటించని భవనానికి నిర్మాణ అనుమతి ఇవ్వకూడదని అది చెప్తుంది. నిబంధనలు వచ్చిన అయిదేళ్ళలో పాత ప్రజాభవనాలను మార్చాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, 2022 జూన్‌తో ఆ గడువు తీరిపోయింది. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు వికలాంగులకు కేటాయించాలని కూడా అదే చట్టం అంది. సీటు ఇచ్చి మెట్లు ఉంచెయ్యడం ఎలాంటి ఇవ్వడమో వేరే చెప్పనక్కర్లేదు.

రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పు ఈ చర్చకి ముఖ్యమైనది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం కోర్టు కోరిక మీద తయారుచేసిన నివేదిక దానికి తోడ్పడింది. చట్టం తప్పనిసరి చేసినదాన్ని 15వ నిబంధన ఉత్త సలహాగా మార్చేసిందని కోర్టు దాన్ని చెల్లదంది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలు వేరుగా రూపొందించమంది. ఆ తీర్పులో ఒక తేడా స్పష్టంగా ఉంది. ఒక మనిషి వచ్చి తన అవసరం చెప్పుకున్నాక చేసే సర్దుబాటు వేరు. ఎవరూ రాకముందే, ఎవరూ అడగకముందే ఉండాల్సిన సౌలభ్యం వేరు. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు. 'ఎత్తుకపోతం' అనే సమాజానికి ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ముందే ఉండటం ఎందుకంత ముఖ్యమో కొలతే చెప్తుంది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. పదకొండు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు అనుకుంటే అయిదున్నర అడుగుల ఎత్తు. దానికి ర్యాంపు 66 అడుగుల పొడవుండాలి, మధ్యలో ఆగే చోట్లు కాక. భవనం పూర్తయ్యాక అంత చోటు ఎక్కడ దొరుకుతుంది? అందుకే చాలాచోట్ల జారుడుబల్ల లాంటిదొకటి కట్టి ఫొటో తీసి న్యాక్ నివేదికలో పెడతారు. చక్రాల కుర్చీ దాని మీదికి ఎక్కదు, ఎక్కినా ఆగదు.

సైన్సు భవనం గురించే ప్రత్యేకంగా ఎందుకు అనవచ్చు. ఎందుకంటే వికలాంగురాలిని 'నీకెందుకమ్మా సైన్సు, ఆర్ట్స్ తీసుకో' అనడం చాలా సులువు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా అంధుడు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్సు తీసుకోడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్ళి గెలిచి చదివాడు. తర్వాత అమెరికాలోని ఎమ్ఐటీలో చదివి, హైదరాబాదులో పరిశ్రమ పెట్టాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. అదే పరిస్థితిలో ఒక ఆడపిల్ల ఉంటే ఆమెని కోర్టు దాకా ఎవరు తీసుకెళ్ళేవాళ్ళు అని నేను ఆ సినిమా గురించి విన్నప్పుడల్లా అనుకుంటాను. ప్రయోగశాలలో బల్లలన్నీ నిలబడి పనిచేసేవాళ్ళ ఎత్తుకే ఉంటాయి. ఆమ్లం మీద పడితే లాగాల్సిన షవరు గొలుసు కూచున్న మనిషికి అందదు. మంటలొస్తే లిఫ్టు వాడకూడదని రాస్తారు, మెట్లు దిగలేనివాళ్ళు ఎక్కడ వేచి ఉండాలో రాయరు. ఆ గోడలు రాసేవాళ్ళ ఊహలో అలాంటి మనిషి లోపల లేనే లేదు.

అన్నీ ఒక్కరోజులో కట్టలేమంటారు. ఒప్పుకుందాం. ఉన్నదేదో, లేనిదేదో చెప్పడానికి మాత్రం సిమెంటు అక్కర్లేదు. రోడ్డు మీద ఏ టోల్‌ప్లాజానైనా చూడండి. అక్కడ ఏ వాహనానికి ఎంతో బోర్డు మీద ఉంటుంది. లారీ డ్రైవరు దిగి ఎవరినీ బతిమాలి కనుక్కోనక్కర్లేదు. లారీకి ఇచ్చే ఈ మర్యాదని విశ్వవిద్యాలయం తనని చూడ్డానికొచ్చే మనిషికి ఇవ్వగలదు. బస్సు దిగిన చోటు నుంచి భవనం ఎంత దూరం, దారి తారా కంకరా, మెట్లెన్ని, కమ్మీ ఏ పక్కన, లిఫ్టు ఏ అంతస్తు దాకా, దాని తలుపు వెడల్పెంత, కుర్చీతో వెళ్ళగలిగే మరుగుదొడ్డి ఎక్కడ, దాని తాళంచెవి ఎవరి దగ్గర, వినపడనివాళ్ళకి ప్రమాద హెచ్చరిక ఎలా తెలుస్తుంది, కూచోడానికి బెంచీలెక్కడ, అన్నిటికీ సమాధానం చెప్పే ఫోను ఏది. తాళంచెవి మగ అటెండరు జేబులో ఉంటే ఏ స్త్రీ ఎన్నిసార్లు వెళ్ళి అడగగలదో మనకి తెలుసు. ఆ ఇబ్బందికి జడిసి నీళ్ళు తాగకుండా బయల్దేరడం కూడా మనకి తెలుసు.

ఇది ముందే రాసి ఉంటే ఇంకొకటి జరుగుతుంది. ఆమె తన జబ్బు గురించి ఫోనులో పరాయివాళ్ళకి చెప్పుకోనక్కర్లేదు. 'ఏమైంది, ఎప్పట్నుంచి, అస్సలు నడవలేదా' లాంటి ప్రశ్నలకి జవాబివ్వనక్కర్లేదు. తన శరీరం కథని ప్రవేశ రుసుముగా చెల్లించకుండానే వెళ్ళాలో వద్దో తేల్చుకోగలుగుతుంది. సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షన్ ప్రభుత్వ సంస్థలని అడగకముందే చెప్పమంది కూడా ఇందుకే. అడగడానికి ధైర్యం ఉన్నవాళ్ళకే సమాచారం దక్కితే దాన్ని హక్కు అనలేం.

లిఫ్టు లేదని మేమే రాసుకుంటే పరువు పోదా అని అధికారులు అడుగుతారు. ఆ మాటలో నిజముంది. పరువు పోవాలి కూడా. కానీ నాకు ఇంకో భయం ఉంది. 'లిఫ్టు లేదు' అని పదేళ్ళు అలాగే రాసి ఉంటే అది సమాచారం కాదు, 'ప్రవేశం లేదు' అనే బోర్డు అవుతుంది. చెప్పేశాం కదా అని చేతులు దులుపుకోడానికి పనికొస్తుంది. కాబట్టి చెప్పడం కట్టడానికి బదులు కాదు. కట్టేదాకా ఆ మనిషికి మనం బాకీ ఉన్నామని ఒప్పుకుంటూ రాసిచ్చే ప్రామిసరీ నోటు. నోటు రాయనివాడు బాకీ లేదంటాడు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నారు. ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. మీ భవనం ముందు మెట్లు లెక్కపెట్టండి. ఒంటరిగా కాదు, ఆ మెట్లు కష్టమైన మనిషిని అడిగి, ఆమె రాగలిగితే ఆమెతో కలిసి. మనకి తట్టనివి ఆమెకి కనపడతాయి. తలుపు ముందు గడప, జారే గచ్చు, ఎండలో ఎక్కడా ఆగి కూచోడానికి చోటులేని దారి. చూసింది చూసినట్టు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించండి. ఫోన్లెత్తేవాళ్ళకి ఒక ప్రతి ఇవ్వండి, చదివి వినిపించమని చెప్పండి. కింద తేదీ వెయ్యండి. తేదీ లేకపోతే లిఫ్టు పాడైంది నిన్ననో, పదేళ్ళ కిందటో వచ్చేవాళ్ళకి తెలియదు.